ఇత్తడి తోక

వర్ధన్నపేట
జూన్ నెల

మంచిర్యాలలో ఉన్న అక్క భద్రమ్మకు తమ్ముడు మొండయ్య దండం పెట్టి రాసేది.

నేను బాగున్నాను. మోకాళ్లు బాగా లేవు. చెవులు సగమే పనిచేస్తున్నాయి. మొన్న నువ్వు ఫోన్ చేస్తే నవ్వుతున్నావో ఏడుస్తున్నావో తెలియక సరే సరే అని పెట్టేశాను. అందుకే కాగితం పట్టుకున్నాను. మూడో తరగతితో బడి ఎగ్గొట్టినవాణ్ని, తప్పులుంటే నువ్వే దిద్దుకుని చదువు. ఏడో తరగతి చదివానని నీకు గర్వం ఎట్లాగూ ఉంది.

అసలు సంగతి బాపు రివాల్వర్.

ఓట్లు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో పెట్టాలి. ఈమధ్య ఓట్ల మీద ఓట్లు వచ్చాయి. మొన్న తీసుకొచ్చి గుడ్డ విప్పితే ఒళ్లంతా తుప్పు. ఠాణా వాళ్లను తిట్టుకుంటూ నూనె గుడ్డతో తుడిస్తే మూడు చోట్ల గుంటలు కనబడ్డాయి. ఆ మూడు చోట్లు ఏవో తెలుసా? దసరాకు తడి కుంకుమ బొట్లు పెట్టే చోట్లు. పూజ చేసిన బొట్టు తుడవకూడదని తెల్లారేదాకా ఉంచి, ఏటేటా ఇనుముకు మనమే తుప్పు తినిపించాం. ఠాణా వాళ్లను తిట్టినందుకు ఇప్పుడు నాకే సిగ్గుగా ఉంది. వాళ్లకు మాత్రం చెప్పను.

ఇంకో సంగతి. లైసెన్సు ఆఫీసులో ఒక పిల్ల నా చేతులు చూసి చెప్పింది: "తాతా, నీ చేతులు వణుకుతున్నయ్. వచ్చేసారి నీ పేరు మీద చెయ్యరు. మీ ఇంట్ల ఎవరి పేరు మీదికన్న మార్పిచ్చుకో. లేకుంటే ఠాణాల అప్పజెప్పు."

నా కొడుకు గోపాల్‌ను పిలిచాను. హనుమకొండలో ఎరువుల దుకాణం పెట్టాక వాడికి మాటలు ఎక్కువయ్యాయి. తుపాకి అటూ ఇటూ తిప్పి, "ఇది తుపాకా నాయినా, ఇత్తడి చెంబా? దీన్ని నడుముకు పెట్టుకొని పెండ్లిలకు పోతే నవ్వుతరు" అన్నాడు. వెనక బొటనవేలితో గుంజే సుత్తికి బాపు అతికించిన ఇత్తడి తోకను కోసేయాలట. సన్నగా చెక్కించిన కొమ్ము పిడి తీసేసి కంపెనీ పిడి పెట్టాలట. పైన అద్దంలా నికిల్ పాలిష్ పట్టాలట. అట్లా అయితేనే తన పేరు మీద రాయించుకుంటాడట.

"ఒరే, ఎద్దు తాడుకు పడి మా బాపు బొటనవేలు వంకర పోతే, అందదని తోక పెట్టించుకున్నడు. ఆ తుపాకితోనే కల్లం కాడ దొంగలను తరిమిండు" అని మళ్లీ చెప్పాను. "ఎరుకే నాయినా, ఏటా దసరాకు చెప్తవ్ గద" అని ఫోన్ చూసుకున్నాడు.

పాలిష్ పెట్టిస్తే బాపు చేసిన పని పోతుంది. పెట్టించకపోతే తుపాకే పోతుంది. నువ్వు బాపుకు పెద్దబిడ్డవు. నీ మాట చెప్పు. నచ్చకపోతే నా మాట మీదే ఉంటాను, అది వేరే సంగతి.

నీ తమ్ముడు
మొండయ్య


మంచిర్యాల
జూన్ నెలాఖరు

తమ్ముడు మొండయ్యకు అక్క దీవెనలు.

నీ ఉత్తరం మా హారిక చూసి "నాయనమ్మా, ఇది ఏం భాష?" అంది. మీ తాతయ్య భాష, ఆయన ఒక్కడే మాట్లాడతాడు అని చెప్పాను. అయినా సగం పూటలో చదివేశాను. నీ రాత నీ నడక లాగే ఉంది, ఎడమకు గుంజుతుంది.

తుప్పు తీయించు. నూనె పెట్టించు. తోక ముట్టకు. పిడి ముట్టకు.

గోపాల్ పెండ్లిలలో చూపించుకోవడానికి తుపాకి కావాలంటే ఆట సామాన్ల దుకాణంలో దొరుకుతాయి. అద్దంలా మెరుస్తాయి కూడా. ఒకటి కొనియ్యి.

ఎందుకు అని అడగకు. పెద్దదాన్ని, చెప్పాను.

మోకాళ్లకు ఆముదం కాచి పట్టించు. దవాఖానకు పొమ్మంటే పోవు, తెలుసు.

భద్రమ్మ


వర్ధన్నపేట
జులై

అక్కకు మొండయ్య రాసేది.

పెద్దదాన్ని చెప్పాను అంటే వినడానికి నేను నిక్కరు వేసుకున్న పోరగాణ్ని కాను. నాకూ మనవలున్నారు. కారణం చెప్పకుండా ఆర్డర్ వేసేది కలెక్టర్ ఒక్కడే, ఆయన కూడా కాగితం మీద కారణం రాస్తాడు.

గోపాల్ కారులో హైదరాబాద్ పోయాం, లైసెన్సున్న తుపాకుల దుకాణానికి. దుకాణం ఆయన కళ్లద్దాలు పైకి జరిపి, తుపాకి దీపం కింద పెట్టి చాలాసేపు చూశాడు.

"పెద్దాయనా, పాలిష్ అంటే పైన పూసుడు కాదు. ముందు ఈ గుంటలు పోయేదాక ఆకురాయితో రాకాలె. చదును చెయ్యాలె. తర్వాత నికిల్ ఎక్కిస్తం. పాత గీతలు, పాత పనులు ఏవీ మిగులవ్."

"గదే కావాలె సార్" అన్నాడు గోపాల్.

"తుపాకి నీదా?" అన్నాను.

"నాకే గద ఇస్తున్నవ్?"

"ఇయ్యలే ఇంక. నేను బతికే ఉన్న. సార్, నన్ను అడుగుండ్రి."

ఆయన నవ్వాడు. "అడుగుతున్న. తోక కొయ్యమంటవా?"

అంత పెద్ద బజారులో, కొడుకు పక్కన ఉండగా, ఒక ఇత్తడి ముక్క కోసం నేను నోరు మూసుకుని నిలబడ్డాను. దసరా పోయాక తెస్తానని చెప్పి బయటికి వచ్చాను. జనగామ దగ్గర చాయ్ తాగుతూ గోపాల్, "ఇనుమును పట్టుకొని ఏడుస్తవేంది నాయినా" అన్నాడు. నేను ఏడవలేదు. కండ్లలో దుమ్ము పడింది.

ఇంటికి వచ్చి నిర్ణయం చేసుకున్నాను. తుపాకి పోవడం కంటే తోక పోవడం నయం. ఈ దసరాకు ఉన్నది ఉన్నట్టు జనం ముందు పెడతాను, బాపు కథ చెబుతాను, మర్నాడు హైదరాబాద్ పోయి రాకిస్తాను. పేరు నిలవాలంటే కొన్ని వదులుకోవాలి. బాపు ఉన్నా ఇదే చెప్పేవాడు.

నీకు ఏదైనా కారణం ఉంటే దసరా లోపల రాయి. లేకపోతే ఊరుకో.

మొండయ్య


మంచిర్యాల
ఆగస్టు

తమ్మీ,

ఊరుకుందామనే అనుకున్నాను. నెల రోజులు ఊరుకున్నాను. రాకిస్తాను అన్న మాట ఉంది చూడు, అది నన్ను అన్నం తిననివ్వడం లేదు.

ఆ తోక బాపు కోసం పెట్టింది కాదు. ఆ పిడి బాపు చేతికి చెక్కింది కాదు. అది అమ్మది.

లేచి నిలబడకు. కూర్చుని చదువు.

నీకు అప్పుడు ఏడేళ్లు. చలిజ్వరం వస్తే ధర్మసాగర్‌లో అమ్మమ్మ దగ్గర పెట్టారు. నువ్వు ఏదీ చూడలేదు. నాకు పన్నెండేళ్లు, అన్నీ చూశాను. బాపు వడ్ల బండ్లు కట్టుకుని వరంగల్ అంగడికి పోతే రెండు మూడు రోజులు రాడు. కల్లంలో అమ్మ, నేను, కుప్పలు, ఎద్దులు. తుపాకి ఇంట్లో ఉంది గానీ అమ్మకు పనికిరాదు. పిడి లావు, వేలు అందదు. ఒకరోజు బాపు కమ్మరాయనను ఇంటికి తీసుకొచ్చాడు. అమ్మ చేతిలో తడి మట్టి ముద్ద పెట్టి, "గట్టిగ పట్టు" అన్నాడు. అమ్మకు నవ్వు. "తుపాకికి కూడ గాజుల లెక్క కొలత తీస్తరా?" అంది. ఆ మట్టి ముద్ద ఎండాక దాని కొలతకు పిడి చెక్కారు. అమ్మ బొటనవేలు అందేదాకా తోక అతికించారు. అయిపోయాక బాపు పట్టుకుని చూశాడు. పిడి ఆయన అరచేతిలో ఎక్కడుందో కనబడలేదు. తోక పోయి ఆయన వేలి కణుపుకు గుచ్చుకుంది.

"ఇగ నాకు ఇది చిలకొయ్యకు తగిలిచ్చెతందుకే" అన్నాడు. కోపంగా కాదు.

వేలు వంకర పోయింది నిజమే. కానీ అది మరుసటి ఏడు. తోక అంతకు ముందే ఉంది.

ఇక కల్లం సంగతి. పొద్దు గూకుతోంది. ముగ్గురు వచ్చారు. ఒకడు ఎద్దుల తాడు విప్పుతున్నాడు. అమ్మ కుప్ప వెనకనుంచి లేచి, "తాడు ఇడువు" అంది. వాడు తుపాకి చూసి కూడా నవ్వాడు. "అవ్వా, గరిటె అనుకున్నవా?" అన్నాడు. అమ్మ మళ్లీ చెప్పలేదు. వాడి తల మీదుగా గడ్డివామిలోకి కాల్చింది. ముగ్గురూ పరుగు. ఒకడి చెప్పు కల్లంలోనే ఉండిపోయింది. అమ్మ కూర్చుని నన్ను నీళ్లు తెమ్మంది. తాగలేదు, మొహం మీద పోసుకుంది.

మర్నాడు బాపు వచ్చేసరికి ఊరిపెద్ద మాలీపటేల్, ఒక పోలీసు వాకిట్లో ఉన్నారు. "ఎవలు కాల్చిన్రు?" అని అడిగారు. లైసెన్సు బాపు పేరు మీద ఉంది. ఇంకొకరు కాలిస్తే తుపాకి గుంజుకుంటారు.

"నేనే" అన్నాడు బాపు.

"నువ్వు అంగట్ల ఉంటివి గద?"

"పొద్దుగూకకముందే వచ్చిన."

అంతే. వాళ్లు పోయారు. ఊరు వచ్చింది, బాపును మెచ్చుకోవడానికి. బాపు అమ్మ వైపు చూశాడు. అమ్మ చేట పట్టుకుని తూర్పార పడుతోంది, తల ఎత్తలేదు. ఆ రోజే నన్ను పక్కకు పిలిచి అన్నం కుండ మీద చేయి పెట్టించి ఒట్టు వేయించింది. "నీ తమ్మునికి గూడ చెప్పద్దు. లైసెన్సు పోతే తుపాకి పోతది, తుపాకి పోతే కల్లం పోతది" అంది.

తర్వాత బాపు పోయాడు. అప్పుడు చెప్పి ఉండవచ్చు. కానీ అప్పటికే నువ్వు దసరాకు కథ చెప్పడం మొదలుపెట్టావు. ఎంత బాగా చెప్పేవాడివి! బాపు బండి దిగినట్టు, పంచె ఎగ్గట్టినట్టు, అన్నీ చూసినట్టు. అమ్మ తలుపు దగ్గర నిలబడి వినేది. ఒక్క ఏడు కూడా దిద్దలేదు. ఒకసారి నేను నోరు తెరవబోతే నా మోచెయ్యి గిల్లింది.

ఇప్పుడు అమ్మ లేదు, గిల్లేవాళ్లు లేరు. మాట తప్పాను. ఆ మట్టి ముద్ద కొలత రాకించేస్తే అమ్మ చేయి ఈ భూమి మీద ఇంకెక్కడా లేదు. ఇక నీ ఇష్టం.

భద్రమ్మ


వర్ధన్నపేట
ఆగస్టు

అక్కా,

నీ ఉత్తరం చింపాను. నువ్వు ముసలిదానివయ్యావు, ఏదో కల కని అదే నిజమనుకుంటున్నావు. ఊరంతా అబద్ధం చెప్పిందా? బాపు అబద్ధం చెప్పాడా? నేను ఇన్నేళ్లు అంత మంది ముందు అబద్ధం చెప్పానా?

దసరా మర్నాడు హైదరాబాద్ పోతున్నాను. ఇక దీని గురించి రాయకు.

మొండయ్య


మంచిర్యాల
సెప్టెంబరు

తమ్మీ,

రాయవద్దన్నావు. ఒక్కటే రాస్తాను. నీకు బాపు చేతులే వచ్చాయి, అందరూ అనేవాళ్లు. తూటాలు తీసేసి పట్టుకుని చూడు.

భద్రమ్మ


వర్ధన్నపేట
దసరా పోయిన వారం

అక్క భద్రమ్మకు తమ్ముడు మొండయ్య దండాలు.

చింపిన ఉత్తరం అన్నం మెతుకులతో అతికించాను. రెండు చోట్ల వరస తప్పింది, అయినా చదవడానికి వస్తుంది.

పట్టుకుని చూశాను. పిడి నా చేతిలో దాగిపోయింది. తోక వచ్చి వేలి కణుపుకు గుచ్చుకుంది. ఇన్నేళ్లు ఏటా నూనె పెట్టాను, బొట్టు పెట్టాను, జనానికి చూపించాను. నా చేతికి ఎందుకు అందదని ఒక్కసారి కూడా అడగలేదు. బాపుది కాబట్టి నాకు అందదు, బాపు అంతటి మొగోడు, అని అనుకున్నాను. నా తెలివి అట్లా ఉంది.

నాలుగు రోజులు మంచం దిగలేదు. నా బిడ్డ అరుణ వచ్చి దవాఖానకు పోదామంది. చెవి వినబడనట్టు ఊరుకున్నాను.

దసరా రోజు జమ్మి పెట్టుకుని జనం మన వాకిట్లోకి వచ్చారు. ఎప్పటిలాగే పీట మీద కత్తులు, నాగలి కర్రు, రివాల్వర్. బొట్టు ఈసారి దాని తోలు సంచికి పెట్టించాను. మన ఊరి సారయ్య ముందు వరసలో కూర్చున్నాడు, మందు వాసన గుప్పుమంటోంది. "షురూ చెయ్యి మొండన్నా, మీ బాపు బండి దిగిండు..." అని వాడే అందించాడు.

నేను లేచి నిలబడ్డాను. "మా బాపు బండి దిగలే. మా బాపు ఆ పొద్దు వరంగల్ అంగట్ల ఉన్నడు. కాల్చింది మా అమ్మ, లక్ష్మీనర్సమ్మ."

సారయ్యే అన్నాడు: "ఏంది మొండన్నా, తాగింది నేనా, నువ్వా? ఇన్నేండ్లు మీ బాపని చెప్తివి?"

"ఇన్నేండ్లు తప్పు చెప్పిన. ఇయ్యాల ఒప్పు చెప్తున్న. ఇనేటోడు ఇను, లేనోడు లేచిపో."

ఎవడూ లేవలేదు. అంతా చెప్పాను, మట్టి ముద్ద కూడా. చివరికి సారయ్య తల గోక్కుని, "మరి నిరుటిదాక మీ బాపును మెచ్చుకుంటిమి గద, ఇప్పుడు దాన్నేం చెయ్యాలె?" అన్నాడు. జనం నవ్వారు.

"ఇంక జర ఎక్కువ మెచ్చుకో. తన తుపాకిని తన చేతికే పనికిరాకుండ చెక్కిచ్చుకున్న మొగోన్ని నువ్వెక్కడన్న చూసినవా? పెండ్లానికి గాజులు తెచ్చినోళ్లు మస్తుమంది. తుపాకిని కొలతకు చేపిచ్చినోడు మా బాపు ఒక్కడే."

ఆ మాట నేను ముందు అనుకోలేదు అక్కా. నోట్లోంచి వచ్చాకే నాకూ తెలిసింది. ఆడవాళ్ల వైపునుంచి ఎవరో చప్పట్లు కొట్టారు.

జనం పోయాక గోపాల్ దగ్గరికి వచ్చాడు. "మంచిగనే చెప్పినవ్ నాయినా. మరి రేపు హైదరాబాద్ పోదామా?"

"పోను. రాకిపియ్య."

"నికిల్ లేకుంటే నాకద్దు."

"అద్దంటే అద్దు. సోమవారం ఠాణాల అప్పజెప్పుత."

వాడు నేను బెదిరిస్తున్నానని అనుకున్నాడు. నేను బెదిరించడం లేదు. అమ్మ చేయి గీకించి ఇంట్లో ఉంచుకోవడం కంటే, ఉన్నది ఉన్నట్టు సర్కారుకు ఇవ్వడం మర్యాద. తోలు సంచి మూతి కట్టాను కూడా.

వంటింట్లోంచి అరుణ వచ్చింది. చేతికి పిండి ఉంది. "నన్ను అడుగవా నాయినా?"

"నీకెందుకే బిడ్డా?"

"బంకు పైసలు రోజూ వరంగల్ బ్యాంకుకు పట్టుకపోయేది ఎవలు? నీ కొడుకా?"

ఖమ్మం రోడ్డు మీద పెట్రోల్ బంకు అరుణే నడపబట్టి ఎన్నో ఏళ్లయింది. నేనూ ఆ బంకులోనే పెట్రోల్ పోయించుకుంటాను. "ఇన్ని దినాలు అడగకపోతివి?" అన్నాను.

"అడిగితే ఏమంటువు? 'మొగపిలగాడు ఉండంగ నీకెందుకు' అందువు. అందువా, అనకపోదువా?"

అందును. నిజం చెప్పాలంటే అందును.

సంచి విప్పి, తూటాలు లేవని రెండుసార్లు చూసి, చేతికిచ్చాను. అరుణ చేయి అమ్మ చేయి కాదు అక్కా. బంకులో పైపులు గుంజిన చేయి, పెద్దది. తోక అందింది గానీ పిడి దానికీ సన్నమే. "లావు చేపియ్యమంటవా?" అని అడిగాను, అడిగి నాలుక కరుచుకున్నాను.

"అద్దు. అలవాటు చేసుకుంట. నాకు మెరుపు గూడ అద్దు. ఈ గుంటలు పడ్డ కాడ ఇనుము గట్టిగున్నదా లేదా అది చూపియ్యి. నా చేతుల పేలితె నికిల్ ఉంటేంది, లేకుంటేంది?"

గోపాల్ నోరు తెరిచాడు. "ఆడపిల్లకు తుపాకేంది నాయినా?" అన్నాడు. ఇప్పుడే కదరా వాకిట్లో గంటసేపు చెప్పాను అన్నాను. నవ్వు ఆపుకోలేక అరుణ పిండి చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. గోపాల్ అలిగి అన్నం తినకుండా పోయాడు. మర్నాడు ఫోన్ చేసి, కారు తెస్తాను, బస్సులో పోకండి అన్నాడట. వాడు మంచోడే, మాట ముందు వస్తుంది, బుద్ధి వెనక వస్తుంది. నా పోలికే.

హైదరాబాద్ పోయి వచ్చాం. దుకాణం ఆయన తూటాలు పెట్టే చక్రం ఊడదీసి, భూతద్దంతో గుంటలన్నీ చూశాడు. పైపై గుంటలే, లోపల గట్టిగా ఉంది అన్నాడు. రాకితే మాత్రం పలచనవుతుందట, రాకవద్దని ఆయనే చెప్పాడు. తుప్పు నూనెతో కడిగించాం. రంగు నల్లగా, మచ్చలు మచ్చలుగా ఉంది. గుంటలు అట్లాగే ఉన్నాయి. "తోక ఉంచాల్నా?" అని మళ్లీ అడిగాడు. ఈసారి నోరు వచ్చింది. "ఉంచు. అది మా అమ్మ బొటనవేలు" అన్నాను.

అరుణ పేరు మీద దరఖాస్తు పెట్టాం. ఇస్తారో ఇవ్వరో తెలియదు. ఆఫీసు పిల్ల అరుణను పైనుంచి కిందికి చూసి, "కాల్చుడు అస్తదా మేడం?" అంది. "నేర్చుకుంట" అంది అరుణ. ఇవ్వకపోతే తోకతోనే, పిడితోనే ఠాణాకు పోతుంది. నేనే పట్టుకుపోయి ఇస్తాను. మెరుగు పెట్టించి మాత్రం ఎవరికీ ఇవ్వను. ఇది అయిపోయిన మాట.

నిన్ను ముసలిదానివి అన్నాను. అది నిజమే, వెనక్కి తీసుకోను. కల కన్నావు అన్నది వెనక్కి తీసుకుంటున్నాను.

వచ్చే దసరాకు నేను ఈ కథ సరిగ్గా చెప్పాలి. నాకు ఇంకా చాలా తెలియవు. అమ్మ ఏ కుప్ప వెనకనుంచి లేచింది? ఒక చేత్తో కాల్చిందా, రెండు చేతులా? వాళ్లు పోయాక నీతో ఏమంది? అరుణ కూడా అడుగుతోంది. మాటకు మాట రాసి పంపు. నా మాటలు ఒక్కటి కూడా కలపను.

నీ తమ్ముడు
మొండయ్య